కల్లం మీద కుక్కపిల్లకి వయసొచ్చింది

ఫిబ్రవరి నెల రెండో సోమవారం, పొద్దున ఆరుంపావు. మా మిరప కల్లం పక్కన ట్రాలీ ఆటో ఆగి ఉంది. గుంటూరు యార్డుకి పోవాల్సిన మిరప బస్తాలు దాంట్లోకి ఎక్కిస్తున్నారు. బస్తాలతో పాటు మా కుక్కని కూడా ఎక్కించి, నల్లపాడు రైలు స్టేషన్ దగ్గర దించేసి రావాలని మా అబ్బాయి నిర్ణయం. కుక్క మాత్రం చేతికి దొరకటం లేదు.

"అమ్మా, నువ్వు పిలువు. నువ్వు పిలిస్తేనే వచ్చిద్ది" అన్నాడు.

పిలవాలా వద్దా అన్నదే ఆ పొద్దున నా ముందున్న సంగతి. అంతకుముందు జరిగింది చెబితే గానీ ఇది అర్థం కాదు. అందుకని మొదటినించీ రాస్తాను.

మిరప నారు పోసే రోజుల్లో టీ బంకు వెనక ఊరకుక్క ఒకటి ఈనింది. నాట్లప్పుడు ఆ పిల్లల్లో ఒకదాన్ని మా కోడలు కొంగులో చుట్టుకుని తెచ్చింది. కాయ కోసి కల్లంలో పోసే వేళకి పెరిగి కాపలాకి పనికొస్తుందని ఆలోచన. గోధుమరంగు ఒళ్ళు, నల్ల మూతి, మగపిల్ల. పేరు పెట్టాలని ఇంట్లో అందరూ తలా ఒకటి చెప్పారు. ఏదీ నిలవలేదు. నేను "దా" అనేదాన్ని, అది వచ్చేది. దానికి అదే పేరయింది.

ఆ మూడు నాలుగు నెలలు అంత మంచి కుక్క ఊళ్ళో లేదనుకున్నాను. నేను చేలోకి పోతే వెనకే, ఇంటికొస్తే వెనకే. కూర్చోమంటే కూర్చునేది. అన్నం గిన్నె ముందు పెట్టి "ఉండు" అంటే చొంగ కారుస్తూ ఉండిపోయేది. పత్తి తీసే ఆడవాళ్ళు వస్తే ఒక్కొక్కరి దగ్గరికీ పోయి వాసన చూసి, తోక ఊపి వచ్చేది. దీన్ని చూసి మా అబ్బాయి కూడా, "అమ్మా, నన్నిట్టా పెంచినట్టయితే నేను కలెక్టరయ్యేవాణ్ణి" అన్నాడు. నిన్ను కూడా ఇట్టాగే పెంచాను, నువ్వే కూర్చోలేదన్నాను.

క్రిస్మస్ దాకా బాగానే ఉంది. కొత్త సంవత్సరం దాటి, మొదటి కోత కాయ కల్లంలో పోసి ఆరబెట్టిన దగ్గర్నించి మారిపోయింది. పిలిస్తే చెవులు ఇటు తిప్పుతుంది, ఒళ్ళు తిప్పదు. గట్టిగా పిలిస్తే నాలుగు బారల దూరంలో నిలబడి, నేను ఒక అడుగు వేస్తే తాను రెండడుగులు వెనక్కి వేస్తుంది. కూర్చోమంటే నా ముఖం ఎప్పుడూ చూడనట్టు చూస్తుంది. మంచు పడకుండా రాత్రిళ్ళు కాయ మీద కప్పిన పరదాని పంటితో పట్టుకుని కల్లం ఈ చివరినించి ఆ చివరికి ఈడుస్తుంది. మంచు తిన్న కాయ రంగు పోయి, ధర పలకని తాలు కాయలో కలుస్తుంది. పొద్దున్నే లేచి తిట్టుకుంటూ ఆ పరదా మళ్ళీ సర్దేదాన్ని.

చెప్పులు కొరికింది. నీళ్ళ పైపు కొరికింది. కూలికొచ్చిన ఒకామె క్యారేజీ మూత ఊడదీసి ఆమె పప్పన్నం తినేసింది. ఆమె ఆ పూట మా అన్నం తింటూ, "మీ కుక్కకి మా పప్పు నచ్చిందిగానీ నాకు మీ పప్పు నచ్చలా" అంది. నెల కిందట తోక ఊపిన మనుషుల్నే చూసి, దొంగలొచ్చినట్టు మొరగటం మొదలుపెట్టింది. రెండు మూడు రోజులు కనపడకుండా పోయి, చెవి చీల్చుకుని తిరిగొచ్చింది. పైపెచ్చు కాలెత్తటం నేర్చింది. చుట్టూ ఇన్ని రాళ్ళు, ఇన్ని కంపలు ఉంటే దానికి కాయ తొక్కి కుట్టిపెట్టిన బస్తాలే కావాలి. ఒక్క బస్తా తడిస్తే యార్డులో వ్యాపారస్తుడు చెయ్యి పెట్టి చూసి మొత్తం లాటు మీద వంక పెడతాడు. నేను కర్ర పుచ్చుకుని తిరగాల్సి వచ్చింది.

ఒక్క ఆదివారం మాత్రం ఎందుకో పాత కుక్కలాగా ఉండేది. చర్చి నించి నేను వచ్చి అరుగు మీద కూర్చుంటే వచ్చి కాళ్ళ దగ్గర పడుకునేది. మా కోడలు చూసి, "అత్తయ్యా, ఇది ఆదివారం మారుమనసు పొందిద్ది, సోమవారానికి మళ్ళీ లోకంలో పడిద్ది" అని నవ్వేది. నేనూ నవ్వాను. ఆలోచించలేదు.

ఇంట్లో అందరిదీ ఒకటే మాట: పొగరెక్కింది. పొగరెక్కిన గొడ్డుని ఏం చెయ్యాలో నాకు తెలుసు. మా ఇళ్ళలో దూడకి వయసు రాగానే ముక్కు కుట్టి తాడేస్తాం. పరాయి చేలో పడే గొడ్డుకి మెడలో గుదికర్ర కడతాం. మోకాళ్ళ దాకా వేలాడే కర్ర అది; పరిగెత్తితే కాళ్ళకి కొట్టుకుంటుంది, దాంతో నడకకి వస్తుంది. నాకు తెలిసిన పెంపకం అంతే. సర్కారు తుమ్మ కర్ర ఒకటి నరికి, కల్లంలో బస్తాలు కట్టే తాడుతో దాని మెడకి కట్టాను. కట్టేటప్పుడు అది చూసిన చూపు నాకు నచ్చలేదు. అయినా కట్టాను.

పరుగు ఆగిన మాట నిజం. దాంతో పాటు తిండి కూడా ఆగింది. నులకమంచం కిందికి దూరి, కర్ర మంచం కోడుకి తగులుకుంటే ఇటూ అటూ రాలేక గుర్రుమనేది. మూడు రోజులు అట్లా గడిచాక, గురువారం పొద్దున అది కరిచింది.

కరిచింది మా పక్కింటామెని. వరసకి నాకు వదిన. నాకూ ఆమెకీ ఒకే ఈడు. మా కల్లంలో తాలు ఏరటానికి వస్తుంది. కుక్క బస్తాల సందులో ఇరుక్కుంటే, పాపమని వంగి, కర్ర తప్పించటానికి మెడ దగ్గర చెయ్యి పెట్టింది. అది గిర్రున తిరిగి చేతిని పట్టుకుంది. వదిలింది గానీ రక్తం వచ్చింది.

"నీ కుక్క పాడుగాను. సాయం చెయ్యబోతే చెయ్యి పట్టుకునిద్దా" అని వదిన కూలబడింది.

"నువ్వెందుకు ముట్టుకున్నావు దాన్ని?"

"కరిసింది అది, తిట్లు నాకా? బాగుంది వదినా నీ న్యాయం."

మా అబ్బాయి బండి మీద ఆమెని ఆసుపత్రికి తీసుకెళ్ళి సూది వేయించుకొచ్చాడు. సాయంత్రం అన్నం దగ్గర కూర్చుని చెప్పాడు: "సోమవారం యార్డుకి బండి పోయిద్ది. దాంట్లో ఏసుకెళ్ళి నల్లపాడు దగ్గర దించేస్తా. స్టేషన్ కాడ హోటళ్ళున్నయ్, బతుకుద్ది."

"అది చేలో పుట్టి పెరిగింది. స్టేషన్లో ఏం బతుకుద్దిరా?"

"మనిషిని కరిసిన కుక్కని కల్లంలో పెట్టుకుంటే రేపు కూలోళ్ళెవరొస్తారమ్మా? రెండో కోత చెట్టు మీదే ఉంది. నువ్వూ నేనూ కోస్తామా?"

కోడలు తల వంచుకుని మజ్జిగ పోసింది. కుక్కని చూస్తే నాకూ ఒళ్ళు మండుతోంది. అయినా, తెలియని ఊళ్ళో రైలు పట్టాల పక్కన దాన్ని దించి బండి తిప్పుకొచ్చేస్తారనుకుని కంచం పక్కకి జరిపాను.

శుక్రవారం పొద్దున గుదికర్ర విప్పి, అదే తాడుతో కుక్కని పట్టుకుని మండలంలో ఉన్న పశువుల ఆసుపత్రికి ఆటోలో పోయాను. డాక్టరమ్మ చిన్నపిల్ల. నా చేతిలో తాడు తాను పుచ్చుకుని, కుక్క నోరు తెరిచి పళ్ళు చూసింది.

"ఎన్ని నెలలు మామ్మగారూ?"

"ఎనిమిది."

"మనుషుల్లో అయితే పదిహేనేళ్ళ మగపిల్లాడనుకోండి."

"పదిహేనేళ్ళ వాడు బస్తాల మీద కాలెత్తడు కదమ్మా."

ఆ పిల్ల నవ్వి, ఒక్కొక్కటీ అడిగింది. నేను పరదా నించి పప్పన్నం దాకా చెప్పాను. అది పొగరు కాదంది. ఒళ్ళు ముందు పెరుగుతుంది, బుద్ధి నిదానంగా వస్తుంది. ఈ ఈడులో గాలిలో వచ్చే ప్రతి వాసనా దాన్ని పిలుస్తుంది, ఆ పిలుపు ముందు మీ పిలుపు చిన్నదంది. నేర్చింది మర్చిపోయినట్టు కనపడుతుంది, మళ్ళీ నేర్పితే వస్తుంది. కొత్త పళ్ళు దవడలో గట్టిపడుతుంటే కొరకాలనిపిస్తుంది, కొరకటానికి దానిదంటూ ఒకటి ఇవ్వండి. నిన్న భయపడని మనిషికి ఇవాళ భయపడుతుంది, అప్పుడు బలవంతాన దగ్గరికి లాగకండి అని చెప్పింది.

"అన్నీ బాగానే ఉన్నై. పిలిస్తే ఎందుకు రాదు?"

"పిలిచి వచ్చాక మీరేం చేస్తారు?"

"ఏం చేస్తాను, కట్టేస్తాను. అంతకుముందు చేసిన ఎదవ పనికి ఒకటి తగిలిస్తాను."

"మరెందుకొస్తుందండీ? మీరైతే వస్తారా?"

అంతలో ఆ పిల్ల ముంగురులు వెనక్కి తోసుకుంటూ కంటి కింద చెయ్యి రాసుకుంది. రాసుకున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. తాడు వదిలేసి కుళాయి దగ్గరికి పరిగెత్తింది. చాలాసేపు ముఖం కడుక్కుని, ఎర్రటి కళ్ళతో వచ్చింది.

"ఈ తాడుకి ఏం రాశారండీ?"

"ఏమీ రాయలేదమ్మా. కల్లం తాడు."

అప్పుడు కుక్క మెడ మీద బొచ్చు విడదీసి చూపించింది. గుదికర్ర తాడు ఒరిసి చర్మం లేచిపోయి ఉంది. ఆ పచ్చిపుండు మీద మూడు రోజులుగా మిరప తాడు. దాని మీద, అప్పటిదాకా తాలు ఏరిన చేతిని మా వదిన పెట్టింది. నా కన్నే కాసేపు మండిపోయింది, దానికెలా ఉండి ఉంటుందో చూడండి అంది డాక్టరమ్మ. మీ చేతులకి మంట తెలియదా అని అడిగింది. పుట్టినప్పటినించీ మిరప చేలోనే ఉన్నాం, చేతులకి ఏం తెలుస్తుంది.

ఆటోలో తిరిగి వస్తుంటే ఒక్కొక్కటీ తగులుకుంది. కొత్త సంవత్సరం దాటాక కల్లంలో కాయ పోశాం. కుక్క దూరం జరగటం అప్పుడే మొదలయింది. మా చేతులు దాని మూతి దగ్గరికి వస్తే దానికి మంట. ఆదివారం నేను కల్లంలో చెయ్యి పెట్టను, చర్చికి పోయి వస్తాను. ఆదివారం అది నా దగ్గరికి వస్తుంది. ఇంత పెద్ద వయసొచ్చి ఇది కనిపెట్టలేకపోయానని విసుగొచ్చింది. అయితే పరదా ఈడ్చటం, బస్తాల మీద కాలెత్తటం మిరపకాయ నేర్పలేదు. అవి దాని ఈడు చేసిన పనులు. ఆ కోపం నాకు అట్లాగే ఉంది.

డాక్టరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. కరిచిన కుక్కని పది రోజులు కళ్ళముందే ఉంచుకోవాలి, అది బాగుందో లేదో కరిపించుకున్న మనిషి కోసమైనా చూడాలి. ఆ తర్వాత టీకా, నెల పోయాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. ఇదంతా మా అబ్బాయికి చెప్పాను.

"ఇంకో మనిషిని కరవదని డాక్టరమ్మ పూచీ ఇచ్చిందా?"

"ఇవ్వలేదు."

"మరి? అత్త సూదులేయించుకుంటానే ఉందిగా. బండి సోమవారమే పోయిద్ది."

ఇక నాకు మిగిలింది ఆ రెండు రోజులే. పిలిస్తే వస్తుందని వాడికి చూపించాలి. కల్లంలో దిగటం మానేశాను. చేతులు సబ్బుతో కడిగి, మజ్జిగతో కడిగి, కొబ్బరినూనె రాసి మళ్ళీ కడిగాను. మిరప ఘాటు అంత తేలిగ్గా పోదు. వేలు నాలిక మీద పెట్టుకుని చూసుకునేదాన్ని, చురుక్కుమంటే మళ్ళీ కడిగేదాన్ని. కొత్త తాడు పొడుగ్గా కట్టి, మెడకి కాకుండా ఛాతీ చుట్టూ తిప్పి ముడేశాను. ఎండుచేప ముక్కలు కొంగున కట్టుకుని కూర్చున్నాను.

"దా" అన్నాను. రాలేదు. మళ్ళీ అన్నాను. అటు తిరిగి పడుకుంది. ఆ శుక్రవారం సాయంత్రమంతా ఎండుచేప వాసనకి ఊళ్ళో పిల్లులన్నీ వచ్చాయి, మా కుక్క తప్ప. మా కోడలు చూసి, "అత్తయ్యా, పిల్లుల్ని పెంచుకుందాం, చెప్పినమాట వింటన్నయ్" అంది. నేను చేప ముక్కలు నేలకేసి కొట్టి లోపలికి పోయాను.

శనివారం సగం దూరం వచ్చింది. మెడ చాచి ముక్క అందుకుని, నేను చెయ్యెత్తుతానేమోనని ఎగిరి వెనక్కి పడింది. కొట్టాలని చెయ్యి లేవబోయింది కూడా. ఆపుకున్నాను. నేను యాభై దాటాక చర్చిలో టీచరమ్మ దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. ఇవాళ వచ్చిన గుణింతం రేపటికి పోయేది. పలక విసిరేసి వెళ్ళిపోయిన రోజులున్నాయి. మర్నాడు పోతే ఆవిడ నిన్నటి సంగతి ఎత్తకుండా పలక చేతిలో పెట్టేది. ఎత్తి ఉంటే నేను మళ్ళీ పోయేదాన్ని కాదు. అది గుర్తొచ్చి, కుక్కని తిట్టకుండా ఇంకో ముక్క తీశాను. నోట్లో తిట్లు ఊరుతూనే ఉన్నాయి.

ఆదివారం చర్చి నించి వచ్చి, దూరంగా ఉన్నదాన్ని "దా" అన్నాను. వచ్చింది. చేప తిని, పోకుండా నిలబడింది. చెవి వెనక గోకాను. వదిలేశాను. మళ్ళీ పిలిచాను, మళ్ళీ వచ్చింది. సాయంత్రం దాకా పిలిచినప్పుడల్లా వచ్చింది. మా అబ్బాయి గడపలో నిలబడి చూశాడు. ఆ సంతోషంలో నేను తాడు విప్పి వదిలితే నా చర్చి చెప్పు ఒకటి నోట కరుచుకుని పత్తి చేలోకి పోయింది. ఆ చెప్పు ఇప్పటికీ దొరకలేదు.

ఇక సోమవారం. బస్తాలన్నీ ఎక్కాయి. మా అబ్బాయి బిస్కట్ చూపించాడు, అన్నం గిన్నె చప్పుడు చేశాడు, తిట్టాడు, బుజ్జగించాడు. కల్లం గట్టున పత్తికట్టె మోపు ఉంది. దాని వెనక నిలబడి కుక్క మూతి మాత్రం బయటపెట్టి వాణ్ణి చూస్తోంది. యార్డులో పొద్దున్నే చేరకపోతే కాయ దించటానికి చోటు దొరకదు. వాడికి తొందర.

"అమ్మా, నిన్నంతా పిలిస్తే వచ్చిందిగా. ఒక్కసారి పిలువు."

నేను బస్తాల సూది కొంగుకి గుచ్చుకుంటూ నిలబడ్డాను.

"పిలువమ్మా."

పిలిస్తే వస్తుందని నాకు తెలుసు. వచ్చి చేతికి మూతి ఆనిస్తుంది. ఈ ఒక్క మాటకి వస్తే మేలే జరుగుతుందని రెండు రోజులు నానా తంటాలు పడి దానికి నేర్పాను. ఆ మాటతోనే దాన్ని బండెక్కించాలి. వాడికి చూపించాలని నేర్పితే, వాడికి పనికొచ్చింది. నాకు ఏడుపు రాలేదు, మంట పుట్టింది. నోరు తెరవలేదు.

చేతికి కట్టుతో తాలు రాశి దగ్గర కూర్చున్న మా వదిన తల ఎత్తింది. "ఒరేయ్, నేను కాపరానికొచ్చిన కాడ్నించీ చూస్తన్నా, మీ అమ్మ నోరు మూసుకోవటం ఇదే మొదటిసారి. చూసి పోరాదూ" అంది.

బస్తాలెత్తిన హమాలీలు ఇద్దరూ నవ్వారు. మా అబ్బాయి నవ్వలేదు.

"నిన్ను కరిసిందనే గదత్తా నేనీ గోల పడేది."

"కరిసింది నన్నే. పది రోజులు దాన్ని చూడాలని మీ అమ్మ నాకూ చెప్పింది. నువ్వు దాన్ని నల్లపాడులో దించొస్తే నేను రోజూ రైలెక్కి పోయి చూసి రావాల్నా? దూరంగా కట్టెయ్యమను. నా పని నేను చేసుకుంటా."

వాడు నా వైపు చూశాడు. నేను వాడి వైపే చూస్తున్నాను. ఇంకోసారి అడుగుతాడనుకున్నాను. బిస్కట్ ముక్క మోపు వైపు విసిరేసి బండెక్కాడు.

"పది రోజులు. ఆపైన ఎవరి మీద పన్ను పడ్డా నువ్వే జవాబు చెప్పు. కూలోళ్ళు రాకపోతే కాయ నువ్వే కోసుకో."

"కోసుకుంటా."

"ఇప్పుడొచ్చింది మాట" అంది వదిన.

బండి రోడ్డెక్కింది. మోపు వెనకనించి కుక్క బయటికి రాలేదు. నేనూ పిలవలేదు. ఆ పొద్దున బస్తాలు కుట్టిన చేతులకి మిరప ఘాటు అంటి ఉంది, ముందు కడుక్కోవాలి.

ఆ పొద్దున అక్కడ ఉన్నవాళ్ళం: నేను, మా అబ్బాయి, వాడికి టిఫిను గిన్నె అందించటానికి వచ్చిన మా కోడలు, చేతికి కట్టుతో మా పక్కింటి వదిన, బస్తాలెత్తిన హమాలీలు ఇద్దరు, పత్తికట్టె మోపు వెనక కుక్క.